మళ్లీ చదువుకున్న దుర్గాబాయమ్మ

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారంటే మనలో చాలామందికి హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్న ఆస్పత్రి పేరుగానే తెలుసు. ఆవిడ చేసిన పని మన సంఘాల పనికి చాలా దగ్గరిది, అందుకే ఈ ఏడాది నివేదికలో రాస్తున్నాను.

ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేశారు, ఆ రోజుల్లో! ఇంగ్లీషులో చదువు చెప్తున్నారని చిన్నప్పుడే బడి మానేశారు. హిందీ నేర్చుకుని తోటి ఆడవాళ్లకి నేర్పేవారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేశారు. అందరూ ఈ కథే చెప్తారు గానీ అసలు సంగతి తర్వాతదే.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. అక్కడ చదువు రాని ఆడ ఖైదీల అవస్థ చూశారు. బయటికొచ్చాక, ఇరవై ఏళ్లు దాటిన వయసులో, మానేసిన చదువు మళ్లీ పట్టుకుని మెట్రిక్ పాసయ్యారు. ఆంధ్రా యూనివర్సిటీలో చేరబోతే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. పేపర్లో ప్రకటన వేసి, చదవాలనుకునే అమ్మాయిల్ని పోగేసి తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఆ తర్వాత మద్రాసులో లా కూడా చదివారు.

మద్రాసులో ఇరుగుపొరుగు ఆడవాళ్లకి పరీక్షల కోసం పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1937లో ఆంధ్ర మహిళా సభ అలా పుట్టిందే. చదువుతో పాటు చేతిపని కూడా నేర్పేవారు. తన మొదటి భర్త చనిపోయినప్పుడు ఆయన రెండో భార్యని దగ్గరకి తీసి, సభలో పని నేర్పించి, సొంతంగా సంపాదించుకునేలా చేశారు. దానికెంత మనసు కావాలో ఇళ్లల్లో తగాదాలు తీర్చే మనకి తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. పని అంతా ఆఫీసర్ల చేతిలో పెట్టకుండా, ఊళ్లల్లో అప్పటికే సేవ చేస్తున్న సంస్థలకి బోర్డు డబ్బు సాయం చేసేది.

అప్పుడొక చిక్కొచ్చింది. పల్లెల్లో నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి. చదువుకున్న ఆడవాళ్లు లేరు. మరోపక్క భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు ఆధారం లేక ఉన్నారు. ఈ రెండిటినీ ఆవిడ కలిపారు. బడి మానేసిన పెద్ద వయసు ఆడవాళ్లని రెండేళ్లలో పరీక్షకి తయారుచేసే కోర్సు 1958లో మొదలైంది. ఒకసారి చేసే దానం నెలాఖరుకి అయిపోతుంది, జీతం అలా కాదు. మనవాళ్లలోనూ అంగన్‌వాడీ పోస్టు పడితే పదో తరగతి లేక వెనక్కి తగ్గినవాళ్లు ఉన్నారు, ఓపెన్ స్కూల్ గురించి అడగడానికి సిగ్గుపడుతున్నారు. దుర్గాబాయమ్మ కోర్సులో చేరినవాళ్లలో పిల్లల తల్లులూ ఉండేవారు.

1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. మద్రాసులో పుట్టిన మహిళా సభ ఆవిడ ఉండగానే హైదరాబాద్‌కీ వచ్చి ఆస్పత్రి, కాలేజీ పెట్టింది.