విశేషణములకు విలువ కట్టిన మౌల్వీ అబ్దుల్ హక్

ఆంగ్లమున ఫెయిర్ అను విశేషణము చూచుటకు చిన్నది. కాని ప్రక్కన నిలిచిన నామమును బట్టి దాని అర్థము మారుచుండును. మేనిఛాయకు చేరిన తెలుపు. తీర్పునకు చేరిన న్యాయము. ఆకాశమునకు చేరిన నిర్మలత్వము. విద్యార్థి మార్కులకు చేరిన ఒక మోస్తరు మంచితనము. ఉర్దూ మాతృభాషగా గలవాడు ఈ యొక్క మాటకు గోరా, మున్సిఫానా, సాఫ్, ఖాసా అని నాలుగు మాటలు వెదకికొనవలెను. ఒకదాని చోట మరియొకటి వేసినచో న్యాయమైన తీర్పు కాస్తా తెల్లని తీర్పగును. ఇట్టి చిక్కులను విడదీసి, ఆంగ్లపదములకు ఉర్దూలో తగిన చోటు చూపుటకు జీవితమును ధారవోసిన పండితుడు మౌల్వీ అబ్దుల్ హక్. ఆయనను ఉర్దూ భాషీయులు బాబాయె ఉర్దూ అని గౌరవించిరి.

ఆయన 1870లో మీరట్ జిల్లాలోని హాపూర్ ప్రాంతమున జన్మించెను. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ నెలకొల్పిన అలీగఢ్ కళాశాలలో చదివెను. దేశభాషలో నవీన విజ్ఞానము రావలెనను తలపు ఆయన మనస్సున నాటుకొనినది అచ్చటనే. పిమ్మట హైదరాబాదు రాజ్యమునకు వచ్చి విద్యాశాఖలో చేరి, ఔరంగాబాదున పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసెను. 1903లో ఏర్పడిన అంజుమన్ తరక్కీయె ఉర్దూ అను సంస్థకు 1912లో కార్యదర్శి అయ్యెను. నాటినుండి ఆ సంస్థయే ఆయన ఇల్లు, సంసారము.

1914లో ఆయన ఉర్దూ వ్యాకరణమొకటి ప్రకటించెను. ఉర్దూ ఈ దేశపు మట్టిలో పుట్టిన భాష గనుక దానిని అరబ్బీ వ్యాకరణపు మూసలో పోయరాదని ఆయన మతము. విశేషణములను చూచినచో ఈ మాట యెంత సత్యమో తెలియును. ఉర్దూలో మంచి బాలుడు అచ్ఛా లడ్కా, మంచి బాలిక అచ్ఛీ లడ్కీ, మంచి బాలురు అచ్ఛే లడ్కే. పారసీక, అరబ్బీ భాషలనుండి వచ్చిన సాఫ్ వంటి మాటలలో పెక్కింటికి ఈ మార్పు లేదు. తెలుగున మంచి అను మాట ముగ్గురికిని ఒక్కటే, ఆంగ్లమునను అంతే. కావున ఆంగ్ల విశేషణమును ఉర్దూలోనికి తెచ్చువాడు అర్థమును ఎన్నుకొనుటతో పని తీరదు. లింగవచనములను గూడ కనిపెట్టవలెను. తెల్లని బాలుడు గోరా, తెల్లని బాలిక గోరీ.

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు హైదరాబాదున అనువాదశాఖ నెలకొల్పబడినపుడు దాని తొలి అధిపతి అబ్దుల్ హక్. చరిత్ర, గణితము, రసాయనశాస్త్రము, న్యాయశాస్త్రము ఉర్దూలో బోధించుటకు గ్రంథములు కావలెను. గ్రంథములకు పరిభాష కావలెను. ఆంగ్లపదమునే ఉంచవలెనా, అరబ్బీనుండి కల్పించవలెనా, జనుల నోటి మాటను తీసికొనవలెనా అని పండితులు వాదించుకొనిరి. ఆ వాదముల నడుమ పాఠ్యగ్రంథములు వెలువడెను.

అంతకుముందు ఆంగ్ల హిందుస్తానీ నిఘంటువులు లేకపోలేదు. గిల్‌క్రిస్ట్ కూర్చినది 1786లో వెలువడనారంభించెను. ఫాలన్ కూర్చినది 1883లో వచ్చెను. కాని ఇవి ముఖ్యముగ ఈ దేశభాషను నేర్చుకొనగోరిన ఆంగ్లేయులకు ఉపకరించినవి. ఉర్దూ బాలుడు ఆంగ్లగ్రంథము ముందు కూర్చుండి అడుగు ప్రశ్నకు సమాధానము వేరుగ కావలసియుండెను. పలువురు పండితుల సాయమున 1937లో అబ్దుల్ హక్ ప్రకటించిన స్టాండర్డ్ ఇంగ్లీష్ ఉర్దూ నిఘంటువు ఆ కొరత తీర్చెను.

ఆయన దృష్టి ఆంగ్లముపైననే నిలువలేదు. గోలకొండ కవి ముల్లా వజ్హీ దక్కనీ భాషలో వ్రాసిన సబ్‌రస్ అను వచనకావ్యమును పరిష్కరించి 1932లో ప్రకటించెను. మహానుభావులను గూర్చి వ్రాసిన కలముతోనే నామ్‌దేవ్ అను తోటమాలిని గూర్చి అంతే గౌరవముతో వ్రాసెను. మనుష్యునకు తగిన విశేషణము వాని పనిలో నున్నది గాని పదవిలో లేదని ఆ రచన చదివినవారికి తోచును.

అయితే ఒక మాట చెప్పక తీరదు. ఆనాటి హైదరాబాదు రాజ్యమున అధికసంఖ్యాకుల మాతృభాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడములు. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని ఉర్దూ నిరూపించిన చోటనే, తెలుగు బాలుడు ఉర్దూలో శాస్త్రములు చదువవలసి వచ్చెను. అదే నగరమున 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి తెలుగున శాస్త్రగ్రంథములు తెచ్చుటకు పూనుకొనిరి. రెండు భాషల ఆకలియు ఒక్కటే. రాజాశ్రయము మాత్రము ఒకదానికే దక్కెను.

దేశవిభజన పిమ్మట అబ్దుల్ హక్ కరాచీ చేరి, అచ్చట 1949లో ఉర్దూ కళాశాలను స్థాపించెను. 1958లో ఏర్పడిన ఉర్దూ నిఘంటు మండలికి తొలి ప్రధాన సంపాదకుడై, ఆ భాష పదచరిత్రనంతయు కూర్చు పనికి పునాది వేసెను. 1961 ఆగస్టు 16న కరాచీలో కన్నుమూసెను. ఆ మహానిఘంటువు ఇరువదిరెండవ సంపుటముతో 2010లో ముగిసెను. నాటిన చేయి ఫలమును చూడలేదు. కాని ఒక పరభాషా విశేషణమునకు తన భాషలో తగిన మాటకై తడుముకొను ప్రతి విద్యార్థియు, తెలిసియో తెలియకయో, ఆ చేతికి ఋణపడియున్నాడు.