వాకిలి బయట పెరిగిన బాలుడు – భాగ్యరెడ్డి వర్మగారి జీవితము



ఈ నెల మన పత్రికలో సంఘ చరిత్రలోని భక్తుని గూర్చి గాక, మన తెలంగాణములోనే బీదరికమున పెరిగి వేలాది బిడ్డలకు అక్షరము చూపిన భాగ్యరెడ్డి వర్మగారిని గూర్చి తలంచుకొందము. ఆయన మన సంఘములలో చేరినవాడు కాడు. అయినను ఆయన జీవితమునుండి మనము నేర్చుకొనదగినది చాల కలదు.

ఆయన 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదులో ఒక మాల కుటుంబమున జన్మించెను. తొలిపేరు భాగయ్య, ఇంటిపేరు మాదరి. ఆ దినములలో హైదరాబాదు నిజాము రాజధాని. ఒక ప్రక్క నవాబుల దేవిడీలు, జాగీర్దారుల తోటలు, ఆంగ్ల రెసిడెంటు భవనము. మరియొక ప్రక్క ఊడ్చువారు, మోయువారు కాపురమున్న గుడిసెలు. ఆ గుడిసెలవారి చేతులు లేనిదే మేడలలో దినము గడవదు. అయినను వారికి గౌరవముగా లోపలికి పిలుపు లేదు. ధనవంతుని వాకిట పడియున్న లాజరు సంగతి మనమెరిగినదే గదా.

భాగయ్య పసితనముననే తండ్రి మరణించెను. తల్లి రెక్కల కష్టముతో పిల్లలను సాకెను. ఇల్లు గడవక బాలుడు ఒక రోమన్ కతోలికు బారిష్టరు ఇంట పనికి కుదిరెను. ఆ యజమానుడు అతనిని పనికే పరిమితము చేయక చదువుకొననిచ్చెను. ఆ మేలు ఎంత దూరము పోయెనో చూడుడి.

నీడ దొరికినవాడు తనవారిని మరచుట సులభము. ఫరో ఇంట పెరిగిన మోషే తన సహోదరుల బరువులను చూడబోయినట్లు, భాగయ్యయు తన పేటలకే తిరిగి వచ్చెను. 1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, జగన్మిత్ర మండలిని స్థాపించెను. చదువురాని జనులకు హరికథల ద్వారా, ఉపన్యాసముల ద్వారా బోధించెను. 1910లో ఇసామియా బజారులో బడి తెరచెను. 1911లో మండలి మాన్య సంఘమాయెను. కల్లు సారాయి మానుడనియు, బాల్యవివాహములు కూడదనియు, ఆడపిల్లలను జోగినులుగా విడుచుట పాపమనియు వాడవాడ తిరిగి చెప్పెను. 1913లో ఆర్యసమాజమువారు ఆయనకు వర్మ అను బిరుదు నిచ్చిరి.

1917లో బెజవాడలో జరిగిన మహాసభకు ఆయన అధ్యక్షత వహించెను. అది పంచముల సభయని పిలువబడగా, పంచములను పేరు తమది కాదనియు, తాము ఈ నేలకు ఆదివాసులమనియు ఆయన వాదించెను. సభ ఆది ఆంధ్ర మహాసభగా మారెను. 1931 జనాభా లెక్కలలో నిజాము రాజ్యము వారిని ఆది హిందువులని వ్రాసికొనెను. ఇతరులు పెట్టిన తక్కువ పేరును మోయనక్కరలేదని ఆయన జనులకు నేర్పెను.

ఆయన నడిపిన బడులు 26 వరకు పెరిగెను. వాటిలో సుమారు 2,500 మంది పిల్లలు తెలుగులో చదువుకొనిరి. 1934లో ప్రభుత్వము ఆ బడులను తన క్రిందికి తీసికొనెను. 1939 ఫిబ్రవరి 18న, ఏబదియేండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను.

ప్రియులారా, మన మరిపెడయు 1948 వరకు ఆ నిజాము రాజ్యములోనిదే. మన తాతలలో అనేకులు అట్టి వాకిళ్ల బయట నిలిచినవారే. నేడు మనలో కొందరికి పక్కా యిండ్లు, ఉద్యోగములు కలిగినవి. అయితే మన యింట అంట్లు తోమవచ్చు పిల్ల బడికి పోవుచున్నదా? ప్రభువు బల్లయొద్ద ఒక్కటిగా కూర్చుండు మనము, పెండ్లి విందులో వేరు పంక్తులు వేయుచున్నామా? ఆ బారిష్టరు చేసినది చిన్న మేలే. అట్టి మేలు మన చేతనైనదే.

జూన్ నెలలో బడులు తెరువకమునుపే, ప్రతి కుటుంబమువారు తమ వీధిలో బడి మానిన పిల్లల పేర్లు వ్రాసి సంఘ పెద్దలకు అందింతురు గాక. పలకయో, పుస్తకమో, బట్టయో ఏది కావలెనో కలిసి చూచుకొందము.