విలియం మోరిస్ (లార్డ్ నఫీల్డ్)

విలియం రిచర్డ్ మోరిస్ (అక్టోబరు 10, 1877 - ఆగష్టు 22, 1963) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ కార్ల తయారీదారుడు, దాత. లార్డ్ నఫీల్డ్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఇతడు 1913లో ప్రవేశపెట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు పేరు, మధ్యలో కొంత విరామంతో, పలు నమూనాలపై 1971 వరకు బ్రిటన్‌లో కొనసాగింది. భారతీయులకు సుపరిచితమైన అంబాసిడర్ కారు ఈ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశానికి చెందినదే.

బాల్యం, తొలి జీవితం

మోరిస్ వూస్టర్ నగరంలో జన్మించాడు. ఇతనికి మూడేళ్ళ వయసులో కుటుంబం ఆక్స్‌ఫర్డ్‌కు తరలివచ్చింది. 15వ యేట చదువు మాని ఒక సైకిళ్ళ దుకాణంలో పనికి కుదిరాడు. కొన్ని నెలల తరువాత జీతం పెంచడానికి యజమాని నిరాకరించగా, 4 పౌండ్ల పెట్టుబడితో తల్లిదండ్రుల ఇంట్లోనే సైకిళ్ళ మరమ్మత్తు మొదలుపెట్టాడు. సైకిలు పందేలలో కూడా పేరు తెచ్చుకున్నాడు. తరువాత మోటారు సైకిళ్ళు తయారుచేసి, ఆక్స్‌ఫర్డ్‌లోని లాంగ్‌వాల్ వీధిలో గ్యారేజి నడిపాడు. 1904లో ఎలిజబెత్ ఆన్‌స్టీని వివాహమాడాడు. వీరికి సంతానం కలుగలేదు.

కార్ల తయారీ

1913లో ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని కౌలీలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు తయారీ ప్రారంభమైంది. గుండ్రని రేడియేటరు కారణంగా దానికి ఎద్దుముక్కు అన్న అర్థం వచ్చే ముద్దుపేరు స్థిరపడింది. ఇంజనుతో సహా ప్రధాన భాగాలను ఇతర సంస్థల నుండి కొని తన కర్మాగారంలో కూర్చడం మోరిస్ పద్ధతి. దీనివలన తక్కువ మూలధనంతోనే కార్లు తయారుచేయగలిగాడు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఏర్పడిన మాంద్యంలో కార్ల అమ్మకాలు పడిపోయాయి. 1921లో మోరిస్ తన కార్ల ధరలను బాగా తగ్గించడంతో అమ్మకాలు తిరిగి పుంజుకున్నాయి. 1919లో సుమారు 400గా ఉన్న వార్షిక ఉత్పత్తి 1925 నాటికి సుమారు 56,000కు చేరింది. దివాలా తీసిన వూల్స్‌లీ సంస్థను 1927లో మోరిస్ కొనుగోలు చేశాడు.

విభేదాలు, విలీనం

మోరిస్ వద్ద ముఖ్య నిర్వాహకుడైన లియొనార్డ్ లార్డ్ 1936లో విభేదించి సంస్థను వీడి, అనంతరం పోటీ సంస్థ ఆస్టిన్‌లో చేరాడు. 1952లో మోరిస్, ఆస్టిన్ సంస్థలు విలీనమై బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఏర్పడింది. మోరిస్ దానికి తొలి అధ్యక్షుడై, అదే సంవత్సరం పదవి నుండి తప్పుకున్నాడు. ఆ స్థానంలోకి వచ్చినది లియొనార్డ్ లార్డే.

దానధర్మాలు

మోరిస్ తన సంపదలో అధికభాగాన్ని వైద్యానికి, విద్యకు దానం చేశాడు. 1937లో ఇతని విరాళంతో నఫీల్డ్ కళాశాల స్థాపన జరిగింది. 1938 నుండి, పోలియో వంటి వ్యాధుల వలన ఊపిరి పీల్చలేని రోగులకు ఉపయోగపడే కృత్రిమ శ్వాసయంత్రాలను కౌలీ కర్మాగారంలో చేయించి, బ్రిటిష్ సామ్రాజ్యంలోని ఆసుపత్రులకు ఉచితంగా పంపించాడు. 1943లో ఒక కోటి పౌండ్లతో నఫీల్డ్ ఫౌండేషన్‌ను నెలకొల్పాడు.

విమర్శలు

ఆస్వాల్డ్ మోస్లీ స్థాపించిన న్యూ పార్టీకి మోరిస్ 50,000 పౌండ్లు ఇచ్చాడు. మోస్లీ 1932లో ఫాసిస్టు పార్టీని స్థాపించడంతో ఈ విరాళం ఇతని జీవితంలో ఒక మచ్చగా మిగిలింది.

భారతదేశంతో సంబంధం

బిర్లా కుటుంబానికి చెందిన హిందుస్థాన్ మోటార్స్ తొలినాళ్ళ నుండి మోరిస్ నమూనాల ఆధారంగా కార్లు తయారుచేసింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నుండి రూపొందిన అంబాసిడర్ 1950ల చివర పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారీకి వచ్చింది. మంత్రుల, అధికారుల వాహనంగానూ, టాక్సీగానూ దేశమంతటా వ్యాపించింది. దీని ఉత్పత్తి 2014లో ఆగిపోయింది.

మరణం

మోరిస్ 1963 ఆగష్టు 22న నఫీల్డ్ గ్రామ సమీపంలోని తన ఇంట్లో మరణించాడు. వారసులు లేనందున ఇతని బిరుదు ఇతనితోనే అంతరించింది. ఇతని విరాళాలతో ఏర్పడిన నఫీల్డ్ కళాశాల, నఫీల్డ్ ఫౌండేషన్ మాత్రం నేటికీ పనిచేస్తున్నాయి.