వెలుగు నెరిగిన ఛాయాగ్రాహకుడు – రాజా దీనదయాళు

మాచర్ల మార్గమున విజయపురికి బోయి, నాగార్జునసాగరపు టొడ్డున నొక దినమెల్ల గూర్చుండి చూచినవారికి ఒక వింత గానవచ్చును. ఉదయపు మంచులో నీటి నడుమనున్న నాగార్జునకొండ లేతనీలపు నీడవలె నుండును. మధ్యాహ్నమున నీటి తళుకు కన్నులకు మిరుమిట్లు గొల్పును. సాయంకాలమున రాళ్లు, చెట్లు, తీరము వేరువేరుగ దీర్చినట్లు గన్పట్టును. మబ్బు గ్రమ్మెనా, కొండయు నీరును బూడిదవన్నెలో గలసిపోవును. కొండ యొక్కటియే, నీరొక్కటియే. మారినది వెలుగు మాత్రమే.

ఈ మార్పును గనిపెట్టి, తగిన క్షణము వచ్చువరకు ఓపికతో వేచియుండి, దానిని పటమున నిలుపుటయే ఛాయాగ్రాహకుని విద్య. ఈ విద్యయందు మన దేశమున మొదటితరమువారిలో మిక్కిలి ప్రసిద్ధి గాంచి, హైదరాబాదు సికిందరాబాదులను తన కార్యక్షేత్రముగ జేసికొనిన రాజా దీనదయాళు జీవితము విద్యార్థులెల్లరు నెరుగదగినది.

దీనదయాళు 1844వ సంవత్సరమున మీరటు సమీపమందలి సర్ధనాలో ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీయందలి థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో విద్య నభ్యసించి, 1866లో ఇండోరు నగరమున పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగమున బ్రవేశించెను. కట్టడములకు పటములు గీయుటయు, వ్యయపు అంచనాలు వేయుటయు ఆయన పని. గోడ నిటారుగ నున్నదా, కమాను రెండు ప్రక్కల సమముగ నున్నదా యని దినదినము పరీక్షించుటవలన ఆయన కంటికి మంచి శిక్షణ లభించెను. 1874 ప్రాంతమున, అనగా ముప్పదియేండ్ల వయస్సున, ఆయన కెమేరాను చేపట్టెను. తీరిక వేళల వినోదముగ నారంభమైన పని క్రమముగ జీవితకార్యమయ్యెను.

నేడు జేబులోనుండి పరికరమును దీసి రెప్పపాటున పటము దీయువారికి ఆనాటి శ్రమ ఊహకందదు. తొలినాళ్లలో గాజుపలకపై కొలోడియన్ అను జిగట ద్రవమును పూసి, దానిని వెండి లవణపు నీటిలో ముంచి, తడియారకముందే కెమేరాలో నుంచి పటము దీయవలెను. పిమ్మట వెంటనే చీకటి గుడారములోనికి గొనిపోయి మందునీటితో కడుగవలెను. ఇదియంతయు కొలది నిమిషములలో ముగియవలెను. మన పల్నాటి వేసవివంటి యెండలో ఆ తడి యెంతసేపు నిలుచును? కావున ఛాయాగ్రాహకుడు ఎచ్చటికేగినను గాజుపలకలు, మందుసీసాలు, నీటికుండలు, గుడారము, బరువైన కెమేరాయు వెంట రావలసినదే. 1880 ప్రాంతమున ముందుగనే సిద్ధపరచిన పొడిపలకలు విరివిగ దొరకుటవలన ఈ కష్టము కొంత తగ్గెను.

తగ్గని కష్టము మరియొకటి గలదు. ఆనాటి పలకలు నీలి వెలుగునకే త్వరగా లోబడెడివి. అందుచేత నీలాకాశమును తెల్లమబ్బును రెండును పటమున తెల్లనై, మబ్బుల యందము మాయమగుచుండెను. ఎఱ్ఱరాతి గోడలు ఉన్నదానికంటె నల్లగా వచ్చెడివి. నీటిలో కట్టడపు ప్రతిబింబము కావలెనన్న గాలి లేవకముందు ప్రాతఃకాలముననే సిద్ధపడవలెను. శిల్పముల లోతు గనబడవలెనన్న ప్రొద్దు ఏటవాలుగ నుండవలెను. అంతియే కాదు; చిన్న పటమును పెద్దది చేయుట ఆనాడు సామాన్యము గాదు. ఎంత పటము కావలెనో అంత గాజుపలకను మోయవలెను. తొందరపాటున ఒక పలక చెడినచో శ్రమయు ధనమును వ్యర్థమే. కావుననే ఈ విద్యలో చేతినేర్పుకంటె ఓర్పు ముఖ్యమయ్యెను.

మధ్యహిందూస్థానమున గవర్నరు జనరలు ప్రతినిధిగ నుండిన సర్ హెన్రీ డేలీ దీనదయాళు నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ ఆయనను తన పర్యటనమునకు వెంటబెట్టుకొనిపోయెను. గ్వాలియరు కోట, సాంచీ స్తూపము, ఖజురహో ఆలయములు, బేత్వా నదీతీరమున నున్న ఓర్ఛా రాజభవనములు మున్నగువానిని దీనదయాళు పటములుగ దీసెను. ఈ పర్యటన ఫలముగ మధ్యహిందూస్థానపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము 1886లో వెలువడెను. ఇంజనీరు కన్నును చిత్రకారుని మనస్సును ఏకమై పనిచేసినవని ఆ పటములను చూచినవారికి తోచును. వానియందు గోడ వంగదు, గోపురము ఒరగదు. నీడ యెచ్చట పడవలెనో అచ్చటనే పడును.

స్థిరమైన ప్రభుత్వోద్యోగమును వదలి, నాడు మన దేశమున క్రొత్తదైన ఈ వృత్తినే నమ్ముకొనుటకు ధైర్యము కావలెను. దీనదయాళు ఆ ధైర్యము చూపెను. 1886లో సికిందరాబాదున చిత్రశాలను స్థాపించెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగ నియమించి, రాజా బహదూరు, ముసవ్విర్ జంగు అను బిరుదముల నొసంగెను. నాటినుండి హుస్సేన్ సాగరమున కిరుప్రక్కల నున్న జంటనగరముల వైభవమంతయు ఆయన పలకలపై నిలువజొచ్చెను. చార్మినారు, ఫలక్‌నుమా భవనము, దర్బారులు, వేటలు, సేనల కవాతులు ఇట్లు ఎన్నియో! 1892లో గోషా స్త్రీల కొరకు హైదరాబాదున ప్రత్యేకమైన చిత్రశాలను నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనిత కప్పగించెను. 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకును ఆయన పటములు వెళ్లెను. 1896లో బొంబాయిలోను చిత్రశాల తెరవబడెను.

అయితే ఆ కెమేరా ప్రభువుల భవనములనే చూడలేదు. నిజాము రాష్ట్రమున కరవు వచ్చినప్పుడు ప్రభుత్వము సాగించిన సహాయకార్యములను గూడ ఆయన చిత్రశాలవారు పటములు దీసిరి. విందుభోజనముల పటములు తీసిన చేతులే ఎముకలు తేలిన దేహములను గూడ చూపవలసివచ్చెను. ఇందొక విషయము మనస్సును కలచివేయును. దర్బారు పటములలోని ప్రభువుల పేర్లు చరిత్రలో నిలిచినవి. కరవు పటములలోని కూలివారి పేర్లు నిలువలేదు. వెలుగు ఇరువురిపైనను సమముగనే పడినది. భేదమును చూపినది వెలుగు కాదు, మనుష్యుడే.

దీనదయాళు కడపటి యేండ్లు సుఖముగ గడువలేదు. 1904లో ఆయన కుమారుడు ధరమ్ చంద్ మరణించెను. ఆ మరుసటి యేడు, 1905 జూలైలో, దీనదయాళు బొంబాయిలో కాలధర్మము నొందెను. ఆ తరువాత మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీనది పొంగి హైదరాబాదును ముంచివైచెను. వేలకొలది జనులు మృతినొందిరి. ఇండ్లును వంతెనలును కొట్టుకొనిపోయెను. వరదకు ముందటి నగరమును చూడగోరువారికి నేడు దీనదయాళు పటములు గొప్ప ఆధారములు. రాతికట్టడములను వరద కూల్చగలిగెను గాని పలుచని గాజుపలకపై నిలిచిన రూపమును చెరుపజాలకపోయెను. ఆయన గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సేకరించి భద్రపరచిరి. 2006లో భారత తపాలాశాఖవారు ఆయన స్మారకముగ తపాలాబిళ్లను వెలువరించిరి.

ఈ కథ పల్నాటివారికి దూరమైనది కాదు. సాగరపు నీటిక్రింద నొక లోయ యున్నది. ఆనకట్టకు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. నీరు రాకముందే, 1954 మొదలు 1960 వరకు, పురావస్తుశాఖవారు ఆ లోయను త్రవ్వి ఇక్ష్వాకుల నాటి విహారములను, స్తూపములను, స్నానఘట్టములను వెలికిదీసి, కొలతలు వేసి, పటములు తీసిరి. కొన్ని కట్టడములను కొండపైకిని అనుపునకును తరలించి మరల నిర్మించిరి. తక్కిన లోయను నేడు మనము ఒడ్డున నిలిచి చూడలేము, పటములలోనే చూడగలము. అచ్చట కాపురముండి, ఇల్లువాకిళ్లు విడిచి వెళ్లిన పల్లెలవారి రూపములు మాత్రము, ఎవరి యింటి పెట్టెలోనైన పాతపటమున్నచో, అందే మిగిలియుండును.

కావున, బాలబాలికలారా, దీనదయాళునుండి మనము నేర్వదగినవి రెండు. తగిన వెలుగు వచ్చువరకు వేచియుండు ఓర్పు మొదటిది. కంటిముందున్నది శాశ్వతమని నమ్మి ఉపేక్షింపకుండుట రెండవది. ఈ యేటి తరగతి పటము మీ చేతికి వచ్చినప్పుడు దాని వెనుక తేదీని, స్థలమును, వరుసగ అందరి పేర్లను వ్రాయుడు. మొదటి వరుసలో కూర్చున్న ఉపాధ్యాయుల పేర్లేకాదు, చివర నిలిచిన నౌకరు పేరును గూడ వ్రాయుడు. ఇంటికేగి, గోడపైనున్న పాతపటములలోని వారెవరని అవ్వను తాతను అడిగి తెలిసికొనుడు. ముఖమును నిలుపుట వెలుగు చేయును; పేరును నిలుపుట మన పని.