చేయి చాచక తప్పని దేశం, తల వంచని మంత్రి

ఒక బీద దేశాన్ని ఆదుకోవడానికి పది దేశాలు, పాతిక సంస్థలు ఒక్కసారిగా ముందుకు వచ్చినప్పుడు వాటన్నింటినీ ఒక తాటిపై నడిపించవలసిన బాధ్యత ఎవరిది? ఇచ్చేవారిదా, పుచ్చుకునేవారిదా? 1958లో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యాన మన దేశం కోసం సహాయ కూటమి ఏర్పడిన నాటి నుండి ఢిల్లీలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే వచ్చింది. 1965 తర్వాత అమెరికా గోధుమల కోసం ఓడలెప్పుడు వస్తాయా అని ఎదురుచూసిన రోజులు, 1966లో రూపాయి విలువ తగ్గించవలసి వచ్చిన పరిస్థితులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. అయితే ఉపఖండంలో ఈ ప్రశ్న అత్యంత కఠోరంగా ఎదురైనది 1972లో, ఢాకాలో. దానికి జవాబు చెప్పవలసిన స్థానంలో ఉన్న వ్యక్తి తాజుద్దీన్ అహ్మద్.

మన దేశంలో ఆయన పేరు 1971 నాటి బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వ ప్రధానిగా ప్రసిద్ధం. ఆ తర్వాత ఆర్థిక మంత్రిగా ఆయన గడిపిన మూడేళ్ళ కాలం అంతగా చర్చకు రాలేదు. నిజానికి ఆయన వ్యక్తిత్వానికి అసలైన పరీక్ష ఆ మూడేళ్ళలోనే జరిగింది.

తాజుద్దీన్ 1925 జూలై 23న ఢాకాకు ఉత్తరాన కపాసియా ప్రాంతంలోని దర్దరియా గ్రామంలో జన్మించారు. చదువులో మేటి, ఢాకా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించారు. 1954 ఎన్నికల్లో ఐక్య సంఘటన అభ్యర్థిగా నిలిచి, ముస్లిం లీగు ప్రముఖుని ఓడించి, తూర్పు పాకిస్థాన్ శాసనసభలో అడుగుపెట్టారు. 1966లో షేక్ ముజిబుర్ రహమాన్ ఆరు సూత్రాల కార్యక్రమాన్ని ప్రకటించగా, ఆ ఏడాదే ఆయన అవామీ లీగు ప్రధాన కార్యదర్శి అయ్యారు. వేదికపై ముజిబ్ గర్జిస్తే, తెర వెనుక కాగితాలు, లెక్కలు, కార్యకర్తల వ్యవహారాలు చక్కబెట్టేది తాజుద్దీన్. ఆరు సూత్రాల సారాంశం కూడా ఆర్థికమే: తూర్పు బెంగాల్ జనపనార సంపాదించే విదేశ మారక ద్రవ్యంపైనా, పన్నుల పైనా పెత్తనం ఎవరిదన్న ప్రశ్న. ఆ ఉద్యమానికి గాను ఆయన సుమారు మూడేళ్ళు చెరసాలలో గడిపారు.

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైనిక దమనకాండ మొదలైంది. ముజిబ్ బందీ అయ్యారు. తాజుద్దీన్ పల్లెల మీదుగా ప్రయాణం చేసి మార్చి నెలాఖరుకు భారత సరిహద్దు చేరుకున్నారు. సరిహద్దు భద్రతా దళం అధికారులు ఆయనను ఢిల్లీకి తీసుకువచ్చారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన ప్రధాని ఇందిరా గాంధీని కలుసుకున్నారు. అప్పటికి ఆయన వెంట సైన్యం లేదు, ఖజానా లేదు, సహచర నాయకులు ఎక్కడున్నారో కూడా తెలియదు. అయినప్పటికీ ఆయన ఆశ్రయం కోరే శరణార్థిగా మాట్లాడలేదు. ఈ యుద్ధం తమదని, భారతదేశం మిత్రదేశంగా తోడ్పడాలని విన్నవించారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఏర్పడింది. 17న మెహర్‌పూర్ సమీపంలోని మామిడితోపులో ప్రమాణ స్వీకారం జరిగింది. కలకత్తా థియేటర్ రోడ్డులోని కార్యాలయంలోనే ఆయన బస. దేశం విముక్తమయ్యే వరకు కుటుంబంతో కలిసి ఉండనని నియమం పెట్టుకుని, తన బట్టలు తానే ఉతుక్కుంటూ ఆ తొమ్మిది నెలలూ వెళ్ళబుచ్చారు.

1972 జనవరిలో ముజిబ్ విడుదలై స్వదేశం చేరి ప్రధాని పదవి స్వీకరించగా, తాజుద్దీన్ ఆర్థిక మంత్రి అయ్యారు. ఆయన చేతికి వచ్చిన దేశం శిథిలాల కుప్ప. మన దేశం నుండి సుమారు కోటి మంది శరణార్థులు తిరిగి వెళుతున్నారు. పద్మానదిపై హార్డింజ్ వంతెన కూలింది. చిట్టగాంగ్ రేవులో మందుపాతరలు, మునిగిన ఓడలు. దున్నడానికి పశువులు లేవు, విత్తడానికి గింజలు లేవు, బ్యాంకులలో విదేశ మారక ద్రవ్యం లేదు.

ఈ పరిస్థితిలో దాతలు బారులు తీరారు. వంతెనను బాగుచేయడంలో మన రైల్వే ఇంజనీర్లు తోడ్పడగా అది 1972 అక్టోబర్‌లో తిరిగి వాడుకలోకి వచ్చింది. రేవులోని మందుపాతరలను సోవియట్ నౌకాదళం తొలగించింది. ఐక్యరాజ్యసమితి ఢాకాలో ఒక ప్రత్యేక సహాయ సంస్థను నెలకొల్పి, 1973 చివరి వరకు నడిపింది. అంతవరకు ఆ సమితి చేపట్టిన సహాయ కార్యక్రమాలలో అంతటి పెద్దది లేదు. దానికి తోడు పలు దేశాల స్వచ్ఛంద సంస్థలు తమ తమ వాహనాలతో, వైద్యులతో, గోధుమ బస్తాలతో దిగాయి. ప్రతి సంస్థకూ తనదైన ప్రణాళిక, తనదైన లెక్క, తనకు నచ్చిన జిల్లా ఉండేవి. దాత పంపదలచిన వస్తువు ఒకటి, పల్లెకు కావలసినది మరొకటి కావడం కద్దు. వచ్చిన సరుకును దించడానికి రేవు చాలదు. దించినదాన్ని తరలించడానికి పడవలు, లారీలు చాలవు.

తాజుద్దీన్ అభిప్రాయం సుస్పష్టం. సహాయం రావలసిందే, కాని అది ఎక్కడికి, ఏ పనికి, ఏ వరుసలో వెళ్ళాలో నిర్ణయించేది బంగ్లాదేశ్ ప్రభుత్వమే కావాలి. అర్థశాస్త్రవేత్త నూరుల్ ఇస్లాం ఉపాధ్యక్షులుగా ప్రణాళికా సంఘం ఏర్పడింది. విదేశీ సహాయం దేశపు ప్రణాళికలో ఇమడాలే గాని, దాతల జాబితాను అనుసరించి ప్రణాళిక తయారు కాకూడదన్నది ఆ బృందం పట్టుదల. ఈ విషయంలో మంత్రికీ, ఆ మేధావులకూ మాట కలిసింది. యుద్ధకాలంలో పాకిస్థాన్‌ను బలపరచిన అమెరికా నుండి సహాయం తీసుకునేది లేదని కూడా తాజుద్దీన్ మొదట్లో బాహాటంగా ప్రకటించారు.

ఆనాటి ఢాకా అధికార వర్గాలలో చెప్పుకునే ఉదంతం ఒకటుంది. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా 1972 ఆరంభంలో ఢాకా వచ్చి, దేశానికి ఏమి కావాలని అడిగారట. దున్నడానికి ఎద్దులు కావాలని ఆర్థిక మంత్రి బదులిచ్చారట. ఎద్దులు పోయినప్పుడు పలుపుతాళ్ళు కూడా పోయాయి కనుక అవి కూడా కావాలన్నారట. వియత్నాం యుద్ధాన్ని నడిపిన మాజీ రక్షణ మంత్రికి ఇది హేళనగానే తోచి ఉంటుంది. వాస్తవానికి ఆ కోరికలో అబద్ధమేమీ లేదు. రైతుకు కావలసినవి అవే. అయినా అతిథిని చిన్నబుచ్చితే దేశానికి ఒరిగేదేమిటని ఆనాడే ప్రశ్నించిన వారున్నారు.

పంతానికీ, అవసరానికీ మధ్య దూరం త్వరలోనే తగ్గింది. 1972 ఏప్రిల్‌లో అమెరికా బంగ్లాదేశ్‌ను గుర్తించింది. దాని సహాయాన్ని ఢాకా స్వీకరించింది. ఆగస్టులో బంగ్లాదేశ్ అంతర్జాతీయ ద్రవ్యనిధిలోనూ, ప్రపంచ బ్యాంకులోనూ సభ్యత్వం పొందింది. వద్దన్న వారితోనే కూర్చుని బేరమాడవలసిన పని అదే ఆర్థిక మంత్రిపై పడింది. ఆ పనిని ఆయన తప్పించుకోలేదు.

బేరంలో మొదటి ముడి పాత అప్పులు. 1971కి ముందు పాకిస్థాన్ చేసిన విదేశీ రుణాలలో బంగ్లాదేశ్ తన వాటా భరించాలని దాతలు కోరారు. ఆ సొమ్ములో అత్యధిక భాగం పశ్చిమ పాకిస్థాన్‌లో ఖర్చయినదని, తమ జనపనార ఆదాయాన్ని కూడా అక్కడికే తరలించారని ఢాకా వాదన. 1973 మార్చి నెలాఖరున దాతలు ఢాకాలోనే సమావేశమయ్యారు. చివరకు కుదిరిన రాజీ ఇది: బంగ్లాదేశ్ గడ్డపై కంటికి కనిపించే పథకాల అప్పుకు మాత్రమే ఆ దేశం బాధ్యత వహిస్తుంది. దాతలు కోరినంత దక్కలేదు, ఢాకా వాదన పూర్తిగా నెగ్గలేదు. అయితే శాశ్వత సహాయ కూటమి ఏర్పాటుకు దాని వల్ల దారి సుగమమైంది.

1973 జూలైలో ఆరంభమైన ప్రథమ పంచవర్ష ప్రణాళిక పరిమాణం 4,455 కోట్ల టాకాలు. అందులో సుమారు ఐదింట రెండు వంతులు విదేశాల నుండి రావలసి ఉంది. పరాధీనత తగ్గించుకోవాలని సంకల్పించిన ప్రణాళిక ఇంతగా పరుల సొమ్ముపై ఆధారపడడం తాజుద్దీన్ ఎదుర్కొన్న వైరుధ్యం. అదే ఏడాది చమురు ధరలు, ధాన్యం ధరలు మిన్నంటాయి. మారక ద్రవ్యం కరిగిపోయింది.

1974 వేసవి వరదల వెంట కరువు వచ్చింది. బంగ్లాదేశ్ క్యూబాకు గోనె సంచులు అమ్మినందున, క్యూబాతో వర్తకం చేసే దేశాలకు ఆహార సహాయం నిషేధించే తమ చట్టాన్ని చూపి అమెరికా ధాన్యం సరఫరాను నిలిపివేసింది. ఢాకా ఆ ఎగుమతులు మానుకున్నది. ఓడలు వచ్చేసరికి చావులు జరిగిపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు సుమారు 27 వేలు. పరిశోధకుల అంచనాలు పది లక్షలను దాటుతాయి. నేరమంతా అమెరికాపై మోపడం న్యాయం కాదు. ఆ ఏడాది తలసరి ఆహార లభ్యత అంతకు ముందు సంవత్సరాల కంటే తక్కువ కాదని, కూలి దొరకక కొనుగోలు శక్తి నశించిన పల్లె కూలీలే బలి అయ్యారని అమర్త్య సేన్ 1981లో నిరూపించారు. రేషన్ ధాన్యంలో అధిక భాగం పట్టణాలకు చేరింది. అక్రమ నిల్వలు, సరిహద్దు దాటే దొంగ రవాణా, సహాయ సామగ్రి అపహరణ పాలక పక్షానికి మచ్చ తెచ్చాయి. దాతలపై పగ్గం తన చేతిలో ఉండాలని కోరిన ప్రభుత్వం తన సొంత మనుషుల పగ్గాన్ని బిగించలేకపోయింది.

తాజుద్దీన్‌కు ఇది తెలియనిది కాదు. ఆ అక్టోబర్‌లో విదేశీ పర్యటన ముగించుకుని వచ్చిన ఆయన కరువు వాస్తవాన్ని దాచకుండా మాట్లాడి, స్వపక్షానికి ఇబ్బంది కలిగించారు. ప్రధానితో దూరం అప్పటికే పెరిగింది. అదే నెలలో బంగ్లాదేశ్ సహాయ కూటమి పారిస్‌లో తొలిసారి సమావేశమైంది. అక్టోబర్ 26న ముజిబ్ కోరికపై తాజుద్దీన్ రాజీనామా చేశారు. నాలుగు రోజుల తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ ఢాకాలో దిగారు. ఈ మూడు ఘట్టాలకూ కార్యకారణ సంబంధం అంటగట్టడం తొందరపాటే అవుతుంది. కాని గాలి ఎటు మళ్ళిందో వాటి వరుసే తెలుపుతున్నది. 1975 మేలో టాకా విలువను భారీగా తగ్గించారు.

ఆగస్టు 15న ముజిబ్ హత్యకు గురయ్యారు. కొద్ది రోజులకే తాజుద్దీన్‌ను నిర్బంధించారు. నవంబర్ 3 తెల్లవారకముందే ఢాకా కేంద్ర కారాగారంలో ఆయనను, మరి ముగ్గురు నాయకులను సైనికులు కాల్చి చంపారు. ఆయనకప్పుడు యాభై ఏళ్ళు.

పారిస్‌లో మొదలైన కూటమి ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఏటా కూర్చున్నది. ఆరంభ కాలంలో ఆ దేశపు అభివృద్ధి పద్దులో పెద్ద భాగాన్ని దాతలే భరించారు. నేడు ఢాకాలో ఆర్థిక మంత్రిత్వ శాఖకు చెందిన ప్రత్యేక విభాగం విదేశీ సహాయమంతటినీ సమన్వయపరుస్తున్నది. జాతీయాదాయంలో ఆ సహాయం వాటా బాగా తగ్గింది. 1972లో శరణార్థుల సేవకు పుట్టిన బ్రాక్ వంటి స్వదేశీ సంస్థలు ఇతర దేశాలకు సైతం వెళ్ళి పనిచేస్తున్నాయి. సహాయ సంస్థల పనిని పుచ్చుకునే ప్రభుత్వమే నడిపించాలన్న సూత్రాన్ని 2005లో పారిస్ నగరంలోనే దాతలు, గ్రహీతలు కలిసి ఒక ప్రకటన ద్వారా అంగీకరించారు.

తాజుద్దీన్ ఢాకాలో కోరినది దాదాపు అదే. ఆయన పంతం కొన్నిసార్లు దౌత్యాన్ని మించిపోయి ఉండవచ్చు. అయితే ఆకలితో ఉన్న దేశం కూడా తన అవసరాల పట్టీని తానే రాసుకోవాలన్న మాటను, ఖాళీ ఖజానా ముందు నిలబడి అన్నవాడాయన. ఆ పట్టీ ప్రకారం పల్లెకు గింజ చేర్చే నిజాయితీ గల యంత్రాంగం లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుందన్నది 1974 నేర్పిన మిగతా సగం పాఠం.