మోక్షగుండము విశ్వేశ్వరయ్య – భాగ్యనగర రక్షణము

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి. వంతెనలు కొట్టుకొనిపోయినవి. తీరమునందలి పేటలు నేలమట్టమైనవి. అట్టి విపత్తు మరల రాకుండ ఉపాయము చెప్పుటకై నిజాము ప్రభుత్వము ఆహ్వానించిన ఇంజనీరు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు.

వీరి పూర్వికులు ఆంధ్రదేశమందలి మోక్షగుండము గ్రామమునుండి మైసూరు సీమకు వలసపోయినవారు. ఆ ఊరిపేరే ఇంటిపేరైనది. 1861లో ముద్దేనహళ్ళిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారు చిన్ననాడే తండ్రిని గోల్పోయిరి. పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బెంగుళూరులో బి.ఏ. ముగించి, పూనాలో ఇంజనీరింగు చదివిరి. బొంబాయి ప్రభుత్వోద్యోగమున సుక్కూరు పట్టణమునకు మంచినీరు సమకూర్చిరి. ఖడక్వాస్లా ఆనకట్టకు, నీరు పెరిగినప్పుడు తమంతట తెరచుకొనునట్టి తలుపులను 1903లో అమర్చిరి.

1909లో హైదరాబాదు చేరిన వీరు నగరమున కూలిన గోడలను చూచుటతో తృప్తిపడలేదు. మూసీకి నీరందించు ఎగువ ప్రదేశమంతయు పరిశీలించిరి. అచట 788 చెరువులు గలవు. కుండపోత వానకు వానిలో 221 తెగినవి. పై చెరువు నీరు క్రింది చెరువుపై బడి, వెల్లువ అంతకంతకు బలిసి నగరముపై విరుచుకొనిపడినది. కీడు పుట్టినచోటనే దానిని అరికట్టవలెనని వీరు నిశ్చయించిరి.

మూసీపై ఒకటి, దాని ఉపనదియగు ఈసీపై ఒకటి, రెండు జలాశయములు నిర్మింపవలెనని వీరు సూచించిరి. అవియే 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరము, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరము. ఊరిని ముంచిన నీరే ఊరి దప్పిక తీర్చునదైనది. అంతియగాక, నదీతీరములందు ఉద్యానములు నెలకొల్పవలెననియు, మురుగునీటికి భూగర్భమున కాలువలు త్రవ్వవలెననియు వీరు సూచించిరి. నదిని గోడలనడుమ బంధింపవలసిన శత్రువుగా గాక, నగర జీవనమున ఒక భాగముగా భావించిన దూరదృష్టి వీరిది.

పిమ్మట మైసూరు దివానుగా పేరుగాంచి, 1955లో భారతరత్న బిరుదమంది, 1962లో వీరు కీర్తిశేషులైరి.

వీరు సూచించిన జలాశయముల రక్షణకై 1996లో ప్రభుత్వము వాని చుట్టును 10 కిలోమీటర్ల మేర నిర్మాణములపై ఆంక్షలు విధించెను. అయినను, నగరమందలి చెరువులు పెక్కు ఇండ్లస్థలములుగా మారినవి. 2020 అక్టోబరు వానలకు కొన్ని చెరువుల కట్టలు తెగి, కాలనీలు నీట మునిగినవి. నీటి త్రోవను మనుష్యుడు మరచినను నీరు మరువదు. ఊరి క్షేమము ఊరి యెగువనున్న చెరువుకట్టపై ఆధారపడియున్నదని విశ్వేశ్వరయ్యగారు నూరేండ్లకు మునుపే లెక్కలు గట్టి చూపిరి. పాఠశాలలందు వారి చిత్రపటమునకు పూలమాల వేయువారు తమ ఊరి చెరువును ఒకమారు చూచివచ్చుటయు ఆ మహనీయునకు తగిన పూజయే.