డాక్టర్ కె.ఎల్. రావు గారు - మన పల్లెల కరెంటు

మన సిద్దిపేట ప్రాంతానికి పెద్ద నది లేదు. చెరువు నిండకపోతే బావి, బావి ఎండితే బోరు. కనుక ఇక్కడి రైతుకు కరెంటు అంటే నీళ్ళే. ఆ కరెంటు చరిత్రలో తలచుకోదగిన మహనీయుడు డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయినా చదువు ఆపలేదు. గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. స్వదేశానికి వచ్చి, నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. 1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1963 నుండి 1973 వరకు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది.

సాగర్ కాలువ మన సిద్దిపేటకు రాలేదు. కాని 1978 నుండి అక్కడ తయారైన కరెంటు గ్రిడ్‌లో కలిసి అన్ని జిల్లాలకూ అందింది. వర్షాలు లేక జలాశయం అడుగంటితే థర్మల్ కేంద్రం, ఒక రాష్ట్రంలో యంత్రం ఆగితే పక్క రాష్ట్రం ఆదుకోవాలి. ఇందుకు అవసరమైన ప్రాంతీయ విద్యుత్ బోర్డులు ఆయన మంత్రిగా ఉండగానే 1964లో ఏర్పడ్డాయి. పల్లెల లైన్లకు అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థ కూడా ఆయన హయాంలోనే 1969లో వెలసింది.

అయితే తీగ వచ్చినంత మాత్రాన కరెంటు వచ్చినట్లు కాదని మన శాఖలో పనిచేసిన వారందరికీ తెలుసు. మోటార్లు పెరిగాయి, ఉత్పత్తి చాలలేదు. లో వోల్టేజికి మోటార్లు, లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. రాత్రి విడతలో వచ్చే కరెంటు కోసం రైతులు చీకట్లో పాములకు భయపడుతూ బావుల దగ్గర పడిగాపులు కాసేవారు. ఆ కోపమంతా సబ్‌స్టేషన్ ఆపరేటరు మీద, స్తంభమెక్కే లైన్‌మన్ మీద పడేది.

దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న దేశ గ్రిడ్‌తో ఒకటైంది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. ఇవి చూడటానికి రావు గారు లేరు. 1986 మే 18న కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.

పెద్దలు వేసిన పునాదిని ఎండా వానా లెక్కచేయక నిలబెట్టినది మన ఉద్యోగులే. ఈ సంగతి మన మనుమలకు, మనుమరాళ్ళకు చెప్పడం మన బాధ్యత. ఆ మహనీయునికి మన నివాళి.